వదిలేసిన రికార్డుకు రెండో వినికిడి

ప్రశ్న: ఆరేళ్ల కిందట ఒక రికార్డుల దుకాణంలో, మూలనున్న పెట్టెలోంచి పియానో ఎల్పీ (లాంగ్ ప్లే రికార్డు) ఒకటి చవగ్గా తెచ్చుకున్నాను. వాయించినాయన పేరు అంతకు ముందు వినలేదు. ఒక్కసారే పెట్టాను. చిటపటల మధ్య సంగీతం సరిగా వినబడక పక్కన పడేశాను. దాంతో మళ్లీ శ్రమ పడటం దండగేనంటారా?
- ఒక పాఠకుడు

జవాబు: దండగ కాదండీ. నా దగ్గర ఇలాంటిదే ఒకటి పదకొండేళ్లు పడి ఉంది. వయొలిన్, పియానోల రికార్డు. కొన్న రోజు మొదటి వైపు సగం విని, మందకొడిగా ఉందని తీసేశాను. పోయిన నెల అరలు సర్దుతుంటే మళ్లీ చేతికొచ్చింది.

ముందు కడిగాను. డిస్టిల్డ్ వాటర్‌లో గిన్నెలు తోమే ద్రవం ఒక్క చుక్క చాలు. మెత్తటి గుడ్డతో గాడి వెంబడే గుండ్రంగా తుడవాలి, అడ్డంగా తుడవకూడదు. లేబుల్ తడవనివ్వకండి. తర్వాత ఒట్టి డిస్టిల్డ్ వాటర్‌తో మరోసారి తుడిచి, నిలబెట్టి ఆరబెట్టాలి. (నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత లక్క రికార్డులకు మాత్రం ఆల్కహాల్ ఉన్న ద్రవాలు తగలనివ్వకండి, పాడైపోతాయి.) రికార్డు గాడిలో నడిచే ముల్లు చివర పట్టిన దుమ్మును కూడా చూసుకోండి. రికార్డు అరిగిపోతుందని భయపడి ముల్లు రికార్డు మీద మోపే బరువు బాగా తగ్గించేవాళ్లున్నారు. తేలికైన ముల్లు గాడిలో నిలవక ఎగిరిపడి ఇంకా ఎక్కువ గాయం చేస్తుంది. కార్ట్రిడ్జ్ (ముల్లు అమర్చి ఉండే చిన్న భాగం) తయారీదారు చెప్పిన బరువే పెట్టండి. చాలావాటికి అది 2 గ్రాముల దరిదాపుల్లో ఉంటుంది.

అయినా చిటపటలు పూర్తిగా పోలేదు. అప్పుడు లేబుల్ చదివాను: మోనో. అంటే ఒకే చానెల్ శబ్దం. స్టీరియోలో కుడి, ఎడమ రెండు చానెళ్లు వేరువేరుగా ఉంటాయి. స్టీరియో ఎల్పీలు బజారుకొచ్చింది 1958లో, ఆ తర్వాత కూడా చాలా ఏళ్లు మోనోలు వచ్చాయి. మోనో రికార్డులో సంగీతమంతా గాడి అటూ ఇటూ ఒంపులు తిరగడంలోనే ఉంటుంది. స్టీరియో ముల్లు పైకీ కిందికీ ఊగడాన్ని కూడా చదువుతుంది. ఆ ఊగులో ఉండేది దుమ్మూ అరుగుదలే. యాంప్లిఫయర్ మీద మోనో బటన్ నొక్కితే రెండు చానెళ్లు కలిసి ఆ ఊగు తాలూకు చప్పుడు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. బటన్ నొక్కాను. వయొలిన్ వాయించే ఆవిడ కమాను ఎత్తే ముందు ఊపిరి తీసుకోవడం వినబడింది. పదకొండేళ్లూ అది ఆ గాడిలోనే ఉంది!

ఈసారి చివరిదాకా విన్నాను. ఎల్పీ నిమిషానికి 33⅓ చుట్లు తిరుగుతుంది కదా, అంచు దగ్గర సెకనుకు సుమారు 50 సెంటీమీటర్ల గాడి ముల్లు కింద నుంచి జారుతుంది. లేబుల్ దగ్గరికొచ్చేసరికి అది 21కి పడిపోతుంది. అంత ఇరుకులో హోరెత్తే సంగీతం చెక్కితే గొంతు చీలినట్టు పలుకుతుంది. నా రికార్డులో అన్నిటికన్నా నెమ్మదైన భాగం అక్కడే ఉంది, ఆ చీలిక లేకుండా పలికింది. సగంలో లేచిపోయిన నేను దాని దాకా ఎప్పుడూ వెళ్లనే లేదు. ఆ రాత్రి ఆ ఒక్క భాగమే మూడుసార్లు విన్నాను.

మీ పియానో ఎల్పీని కడిగి, లేబుల్ మీద మోనో అని ఉందో లేదో చూడండి. రెండు వైపులా పూర్తిగా వినండి. విన్నాక, ఏ వైపు ఎన్నో భాగం దగ్గర మీ చెవి ఆగిందో నాకు రాయండి.