ఎండాకాలంలో పాత ఎంజీబీలో కూర్చోగలగాలంటే పని ఎక్కడ మొదలెట్టాలి?

మీరు అడిగింది ఇదీ: 1970 ఎంజీబీ రోడ్‌స్టర్ (రెండు సీట్ల బ్రిటిష్ స్పోర్ట్స్ కారు), కుడి స్టీరింగు, గుడ్డ టాపు, నల్ల రెగ్జిన్ సీట్లు. పాలకొల్లు నుంచి రాజమండ్రి చేరేసరికి పక్క సీట్లో వాళ్ళ పాదాలు కాలిపోతున్నాయి. మెకానిక్కేమో ఏసీ బిగించి అద్దాలకి ఫిల్మ్ వేయించెయ్యమంటున్నాడు. డబ్బు ముందు దేని మీద పెట్టాలి?

ఏసీ ఆఖర్న పెట్టండి. కారణం మీ ప్రశ్నలోనే ఉందండి. తప్పంతా ఎండదే అయితే ఇద్దరికీ ఒకేలా కాలాలి. ఈ ఇంజనుకి కార్బురేటర్లూ, కాలిన పొగ బయటికొచ్చే ఎగ్జాస్ట్ మానిఫోల్డూ ఎడమ పక్కనే ఉంటాయి. సైలెన్సర్ గొట్టం కూడా ఎడమ ఫ్లోరు వైపు నుంచే వెనక్కి పోతుంది. ఆ వేడి రేకు గుండా కొంత, కంతల గుండా కొంత లోపలికొస్తోంది. కంతలు మూయకుండా ఏసీ పెట్టడమంటే కింద పొయ్యి వెలిగించుకుని పైన విసురుకోవడమే.

ముందు వేడి ఎక్కణ్ణుంచి వస్తోందో పట్టుకోండి. అరగంట నడిపి ఆపి, ఐఆర్ గన్‌తో (తాకకుండానే వేడి కొలిచే పరికరం) ఎడమ ఫ్లోరు, గేర్‌బాక్స్ టన్నెలు (సీట్ల మధ్య గేర్‌బాక్స్ మీది గుబ్బ), ఫైర్‌వాలు (ఇంజనుకీ క్యాబిన్‌కీ మధ్య రేకు గోడ), హీటరు గాలి వచ్చే మూతి, ఈ నాలుగు చోట్లా కొలిచి రాసుకోండి. మెరిసే రేకు మీద ఆ గన్ అబద్ధం చెబుతుంది, ఉన్నదానికన్నా బాగా తక్కువ చూపిస్తుంది. కొలిచే చోట ముందే చిన్న మాస్కింగ్ టేపు ముక్క అంటించి దాని మీద కొలవాలి. ఆ రాత్రికి చీకట్లో ఇంజను గదిలో గట్టి లైటు పెట్టి, బానెట్ వేసి, కార్పెట్ తీసిన ఫుట్‌వెల్‌లో, అంటే పాదాలు పెట్టే చోట, తల దూర్చి చూడండి. ఎక్కడెక్కడ చుక్కల్లా వెలుగు కనబడుతుందో అక్కడల్లా వేడిగాలికి దారి ఉన్నట్టే. చాక్‌పీసుతో గుర్తులు పెట్టేసుకోండి.

ఆ గుర్తులు ఎక్కువగా ఎక్కడ పడతాయో ముందే చెప్పొచ్చు. పక్క సీటు ముందు ఫైర్‌వాలులో, ఎడమ స్టీరింగు కార్ల కోసం వదిలిన రంధ్రానికి ఓ మూత ప్లేటుంటుంది. దాని రబ్బరు ఎండి రాలిపోతే మానిఫోల్డు సెగ తిన్నగా పాదాల మీదకే. ఆ తర్వాత మీ వైపు స్టీరింగు రాడ్డు దూరే చోటు, పెడల్ పెట్టె మూత కింద గాస్కెట్, వైరింగు కట్ట దూరే గ్రోమెట్ (రంధ్రానికి తొడిగే రబ్బరు రింగు), గేరు రాడ్డు చుట్టూ లోపలి రబ్బరు. పైన తోలు సంచి బాగానే ఉందని గేరు రాడ్డుని వదిలెయ్యకండి. దాని కింద ఉండే రబ్బరు బూటే అసలు అడ్డం, అది చిరిగితే గేర్‌బాక్స్ వేడంతా అక్కణ్ణుంచే పైకొస్తుంది. గ్రోమెట్లు కొత్తవి వెయ్యండి, ప్లేట్ల అంచులకి వేడికి తట్టుకునే ఆర్‌టీవీ సిలికాన్ పూయండి. ఎంసీల్ మాత్రం వద్దు, మళ్ళీ విప్పాల్సొస్తే ఉలి పట్టాలి.

హీటరు సంగతి చాలామంది మర్చిపోతారు. మన దగ్గర దాన్ని ఎప్పుడూ వాడం కాబట్టి, దాని వాల్వు ఏళ్ళ తరబడి కదలక బిగుసుకుని సగం తెరుచుకునే ఉండిపోతుంది. డ్యాష్ మీద నాబ్ ఆఫ్‌లోనే ఉంటుంది, లోపలేమో 80 డిగ్రీలు దాటిన నీళ్ళు తిరుగుతుంటాయి. ఇంజను బాగా వేడెక్కాక సిలిండర్ హెడ్ వెనక్కొసనున్న ఆ వాల్వు దాటిన గొట్టాన్ని గుడ్డతో పట్టుకుని చూడండి. చెయ్యి పెట్టలేకపోతే వాల్వు మూసుకోవట్లేదు. కొత్త వాల్వు తెప్పించేలోగా ఆ గొట్టం మధ్యలో అరంగుళం ఇత్తడి బాల్ వాల్వు వేసి క్లిప్పులతో బిగించి మూసెయ్యండి. శానిటరీ షాపులో ప్లాస్టిక్ వాల్వు చవగ్గా వస్తుంది గానీ ఆ వేడికి మెత్తబడి ఊడిపోతుంది, దారిలో నీళ్ళన్నీ పోతాయి. హీటరు పెట్టెకీ ఫైర్‌వాలుకీ మధ్య స్పాంజి పొడైపోయి ఉంటే అదీ మార్చండి. చెయ్యి పెట్టారు కాబట్టి గాలి తీసుకునే గూట్లోంచి కిందకి దిగే నీటి గొట్టంలో ఆకులు, మట్టి తీసెయ్యండి. అది మూసుకుపోతే మొదటి వానకే నీళ్ళు కార్పెట్ కిందకి చేరతాయి.

ఇంజను ట్యూనింగు కూడా చూడాలి. టైమింగ్ (ప్లగ్గు నిప్పు పడే సమయం) వెనకబడితే మంట ఆలస్యంగా రేగి, ఎగ్జాస్టు మామూలు కన్నా బాగా వేడెక్కుతుంది. దానికి తోడు ఇప్పుడు బంకుల్లో పోసేది ఈ20, అంటే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. ఇథనాల్‌లోనే ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి మామూలు పెట్రోలుకి సర్దిన ఎస్‌యూ కార్బురేటర్‌లో మిశ్రమం పలచబడుతుంది, లీన్‌గా నడుస్తుంది, ఇంకా వేడెక్కుతుంది. మీ కారుకుండే ఎస్‌యూ హెచ్‌ఎస్4 మోడల్ కార్బురేటర్ అడుగున జెట్ నట్టుంటుంది, ఆరు పలకలది. రెండు కార్బురేటర్లకీ ఒక్కో పలక కిందకి తిప్పి మిశ్రమాన్ని చిక్కబరిచి, నడిపి, ప్లగ్గు రంగు చూడండి. తెల్లగా ఉంటే ఇంకో పలక, లేత గోధుమరంగు వస్తే అక్కడాపండి. పాత పెట్రోలు గొట్టాల్ని ఈ20 మెత్తబరుస్తుంది, ఇథనాల్‌కి తట్టుకునేవి వేయించండి. క్యాబిన్‌లో పెట్రోలు వాసనొస్తుంటే ఈ పని అన్నిటికన్నా ముందు.

ఇక ఇన్సులేషన్. కోనసీమ వైపు బళ్ళు పాడయ్యేది ఇక్కడే. వేడి తగ్గించబోయి తడిని లోపల బంధిస్తారు, రెండు వర్షాకాలాలకి ఫ్లోరు జల్లెడైపోతుంది. జనపనార ఫెల్టు, కొబ్బరి పీచు చాప, మామూలు పరుపు స్పాంజి, వీటిలో ఏదీ రేకు మీద పరవకండి. మన గాల్లో తేమకి అవి ఎప్పుడూ సగం తడిగానే ఉంటాయి. తారు షీట్లు కూడా వద్దు, రోహిణీ కార్తె ఎండకి కరిగి కార్పెట్‌లోంచి పైకి తేలతాయి.

పనికొచ్చేది ఏసీ డక్టుల వాళ్ళు చుట్టే నల్ల నైట్రైల్ షీటు. దాని గదులు మూసి ఉంటాయి, నీళ్ళు పీల్చదు. ఫ్లోర్లు, టన్నెలు, ఫైర్‌వాలు, సీట్ల వెనక అర, అన్నిటికీ కలిపి మూడు చదరపు మీటర్లు చాలు. ఫ్లోరుకి 9 మిల్లీమీటర్లు, కాళ్ళకి చోటు తగ్గుతుందనుకుంటే టన్నెలుకి 6. వెండి రేకు అంటించిన బ్యూటైల్ డ్యాంపింగ్ షీట్లు అమ్మేవాళ్ళు అవి వేడి ఆపుతాయంటారు. అవి మోత తగ్గించేవి. 2 మిల్లీమీటర్ల షీటు చదరపు మీటరుకి మూడు కిలోలు తూగుతుంది. పెద్ద పలకల నడిమధ్య పావు వంతు మేర అంటిస్తే దాని పని అది చేస్తుంది, ఫ్లోరంతా పరిస్తే బరువే మిగులుతుంది. మెరిసే రేకు సెగని తిప్పికొట్టాలంటే దాని ముందు ఖాళీ గాలి ఉండాలి. కార్పెట్‌కీ ఫ్లోరుకీ మధ్య నలిగిపోయిన రేకు చేసేదేం లేదు.

పని ఫిబ్రవరి, మార్చిల్లో పెట్టుకోండి. ఫ్లోరు గీకి, తుప్పున్న చోట రస్ట్ కన్వర్టర్ పూసి, ఆరాక ఎపాక్సీ ప్రైమర్ రెండు కోట్లు వేసి, రోజంతా ఆరనివ్వండి. ఫ్లోరు మీద షీటుని అంటించకూడదు, కొలతకి కోసి ఊరికే పరచాలి. నెలకోసారి ఎత్తి కింద చెయ్యి పెట్టి చూడ్డానికి వీలుండాలి. ఫ్లోరు రబ్బరు బిరడాల చుట్టూ వేలెడు ఖాళీ వదలండి. టన్నెలుకీ ఫైర్‌వాలుకీ మాత్రం అంటించక తప్పదు. పంక్చరు షాపు సొల్యూషన్ ఆ వేడికి జారిపోతుంది, హైటెంపరేచర్ అని రాసున్న కాంటాక్ట్ జిగురు కొనండి. రెండు వైపులా పూసి, వేలికి అంటనంత ఆరాక, పైనుంచి కిందకి నొక్కుకుంటూ రావాలి. ఇంకోటి, దాళ్వా కోతలయ్యాక చేలల్లో ఎలుకలు ఇళ్ళల్లోకొస్తాయి, వాటికి ఈ షీటంటే మహా ఇష్టం. ఏప్రిల్ నుంచి కారు మూలల్లో ఓ కన్నేసి ఉంచండి.

కింద నుంచి ఒక కవచం కూడా కావాలి. ఎడమ ఫ్లోరుకీ సైలెన్సర్ గొట్టానికీ మధ్య 1 మిల్లీమీటరు అల్యూమినియం రేకు బిగించండి. ఫ్లోరు నుంచి కనీసం 15 మిల్లీమీటర్ల ఎడం ఉండాలి. ఎం6 స్టెయిన్‌లెస్ బోల్టులకి గొట్టం ముక్కలు తొడిగితే ఆ ఎడం నిలుస్తుంది. ముందూ వెనకా తెరిచే ఉంచితే నడుస్తున్నప్పుడు మధ్యలోంచి గాలి పోతుంది, కాలవగట్ల మీద పట్టిన బురదని పైపుతో కడిగెయ్యొచ్చు. ఎగ్జాస్టుకి గుడ్డ పట్టీ చుట్టమని సలహాలొస్తాయి. ఆ పట్టీ వాననీళ్ళు పీల్చుకుని, తన కింద గొట్టాన్ని బయట్నుంచి తినేస్తుంది. మన తడికి సిరామిక్ కోటింగే మేలు, ఖర్చు మాత్రం ఎక్కువ. బానెట్ వెనకంచు వాషర్లతో పైకి లేపితే వేడి పోతుందన్న మాటా నమ్మొద్దు. ముందు అద్దం మొదట్లో నడకలో గాలి ఒత్తిడి ఎక్కువ. వేడి బయటికి పోదు సరిగదా, ఆగినప్పుడు ఇంజను పొగలు పక్కనే ఉన్న గాలి తీసుకునే జాలీలోకి వెళ్ళి మీ మొహం మీదకొస్తాయి.

కారు ఆపినప్పటి ఎండ గురించి కొంచెం. మే మొదటి పదిరోజుల్లో మధ్యాహ్నం సూర్యుడు డెల్టాకి సరిగ్గా నెత్తి మీద ఉంటాడు, అప్పుడు కారు ఎటు తిప్పి పెట్టినా ఒకటే. మూడింటి తర్వాత మాత్రం ముక్కు తూర్పుకి పెడితే పెద్ద అద్దం నీడలో ఉంటుంది. అద్దానికి మెరుపు తెర లోపలకన్నా బయట వేస్తే మేలు, ఎండ గాజు దాటకముందే ఆగుతుంది. సీట్ల మీద, స్టీరింగు మీద దళసరి తెల్ల తువ్వాళ్ళు కప్పండి. రేకుల షెడ్డులో పెడితే సాయంత్రం దాకా పైనుంచి సెగ కొడుతూనే ఉంటుంది. రేకుల మీద తాటాకు కప్పించడం కన్నా చవకైన ఇన్సులేషన్ లేదు. నీడ ఉంది కదాని కొబ్బరిచెట్టు కింద పెట్టకండి, ఎందుకో చెప్పక్కర్లేదు. ప్లాస్టిక్ కవరు కప్పితే లోపల చెమ్మ పడుతుంది, నూలు కవరే కప్పండి. బయల్దేరేముందు ఒక కిటికీ దింపి, అవతలి తలుపు అయిదారుసార్లు విసనకర్రలా ఆడిస్తే మరిగిన గాలి పోతుంది.

ఫిల్మ్ విషయంలో, మోటారు వాహనాల 100వ నిబంధన ప్రకారం ముందూ వెనకా అద్దాల్లోంచి 70 శాతం, పక్క అద్దాల్లోంచి 50 శాతం వెలుగు రావాలి. 2012లో సుప్రీం కోర్టు అంటించే ఫిల్మునే వద్దంది. ఆ తర్వాత నిబంధన సవరించారు గానీ, గుడ్డ టాపు కారుకి ఉన్న కాస్త గాజు కోసం చెక్‌పోస్టు దగ్గర వాదన పెట్టుకోవడం దండగ.

నీళ్ళతో పనిచేసే చిన్న కార్ కూలర్లు కొనకండి. 40 డిగ్రీలు, 20 శాతం తేమ ఉండే అనంతపురం గాలిని తడి 23 దాకా చల్లార్చగలదు. 38 డిగ్రీలు, 50 శాతం తేమ ఉండే నరసాపురం గాల్ని ఎంత తడిపినా 29 దాటి కిందకి రాదు, పైగా లోపల ఉక్కపోత పెరుగుతుంది. లారీల్లో వాడే 6 అంగుళాల 12 ఓల్టుల ఫ్యాను డ్యాష్ కింద పెట్టుకుంటే చెమట ఆరుతుంది, ఖర్చూ తక్కువే.

ఇవన్నీ అయ్యాక మళ్ళీ ఆ నాలుగు చోట్లా కొలవండి. అప్పటికీ ఏసీ కావాలనిపిస్తే ముందు కారుకి కరెంటు ఇచ్చే ఆల్టర్నేటర్ చూసుకోండి. మీ కారుతో వచ్చిన లూకాస్ 16ఏసీ మోడల్ ఆల్టర్నేటర్ పూర్తి వేగంలో ఇచ్చేది 34 ఆంపియర్లు. రాత్రి హెడ్‌లైట్లతో పాటు బ్లోయర్, కండెన్సర్ ఫ్యాను, కంప్రెసర్ క్లచ్ పడితే అది చాలదు. కండెన్సర్ రేడియేటర్ ముందు నిలబడి దానికొచ్చే గాలిని వేడి చేస్తుంది కాబట్టి రేడియేటర్ కోరు కూడా శుభ్రం చేయించాలి. డ్యాష్ కింద వేలాడే యూనిటే పెట్టించండి, బాడీ షెల్ కొయ్యనివ్వకండి. 50 ఏళ్ళు దాటిన కార్లకి 2021లో వచ్చిన వింటేజ్ రిజిస్ట్రేషన్‌కి వెళ్ళాలంటే ఛాసిస్, బాడీ షెల్, ఇంజను మార్చి ఉండకూడదు. కూలింగ్ కాయిల్ నీటి గొట్టం కిందకి వాలుగా దిగి ఫ్లోరు దాటి బయటికి రావాలి. మన తేమకి ఆ గొట్టంలోంచి నీళ్ళు ధారగా కారతాయి, వంపు తప్పితే అవన్నీ మీరు పరిచిన షీటు కిందకే పోతాయి.