ఆడిటోరియంలో దొరికేది డోలు మాత్రమే

వరంగల్ చుట్టుపక్కల పల్లెల్లో కళలు, సంగీతం ఇంకా మిగిలి ఉన్నాయా, చూడాలంటే ఎక్కడికి వెళ్లాలి అని అడిగారు. నిక్షేపంలా ఉన్నాయి. కాకపోతే హనుమకొండలో ఏదో సభలో పది నిమిషాలు చూసి, డోళ్లతో రాత్రి పొద్దుపోయేదాకా మల్లన్న దేవుడి కథ చెప్పే ఒగ్గు కథ చూశామనుకోకండి.

మా అమ్మమ్మగారి ఊరు జనగామ దగ్గర. అక్కడ మా మేనమామ ఇంట్లో మల్లన్న పట్నాలు, అంటే దేవుడి పేర వేసే రంగుల ముగ్గులు, వేయించారు. వాకిట్లో పసుపు, కుంకుమ, బియ్యప్పిండి, ఆకుపచ్చ పొడి వేళ్ల సందుల్లోంచి జారుస్తూ పట్నం వేశారు. భోజనాలయ్యాక కథ మొదలైంది. ఉన్నది ఒకే కథకుడు. భుజం మీది కండువా తలమీదికి లాక్కుంటే మల్లన్న భార్య బలిజ మేడలమ్మ, నడుముకు బిగిస్తే మల్లన్న. మల్లన్న గొల్ల కేతమ్మను కూడా చేసుకుంటానన్న ఘట్టం వచ్చేసరికి అర్ధరాత్రి దాటింది. మా చిన్న మామయ్య స్తంభానికి ఆనుకుని కునుకు తీస్తున్నాడు. కథకుడు చెయ్యెత్తగానే డోళ్లు టక్కున ఆగిపోయాయి. ఆ నిశ్శబ్దానికే మామయ్య కళ్లు తెరిచాడు. "నా పెళ్లికి వచ్చిన పెద్దమనిషి ఈయనే! ఇప్పుడు సాక్ష్యం చెప్పమంటే నిద్ర నటిస్తున్నాడు" అని మేడలమ్మ గొంతుతో ఏడుపు. "ఊరికే పంపకు తల్లీ, కట్నం చదివించి పోతాడు" అని వంతపాటగాడు అందుకున్నాడు. వాకిలంతా నవ్వులు. మామయ్య జేబు తడుముకోక తప్పలేదు.

ఇది ఏ ఆడిటోరియంలో జరుగుతుంది చెప్పండి? అక్కడ ఉపన్యాసాలకు గంటన్నర, కళాకారులకు పది నిమిషాలు, చివర ఒక శాలువా. అంత తక్కువ సమయంలో కథ పట్టదు కాబట్టి డోలు విన్యాసం ఒక్కటే చేయిస్తారు. ఇంకొందరికి ఆ డోళ్లు నాయకుల కారు ముందు నడవడానికే పనికొస్తాయి. ఒగ్గు అంటే డోలు వాయిస్తూ ఎగరడమే అనుకునే తరం తయారైందంటే ఆశ్చర్యమేముంది? ఈ జనగామ ప్రాంతం వారే అయిన ఒగ్గు కళాకారుడు చుక్క సత్తయ్య 2017లో కన్నుమూశారు. ఆయన పేరు తెచ్చుకున్నది కథ చెప్పి.

చేర్యాల నకాశీ పటాలదీ ఇదే గతి. కులపురాణం చెప్పేవాళ్లు పటాన్ని కొంచెం కొంచెంగా విప్పుతూ, బొమ్మ చూపిస్తూ కథ నడిపేవారు. ఇప్పుడు అందులోంచి ఒక బొమ్మ ఫ్రేము కట్టించుకుని సోఫా పైన తగిలించుకుంటున్నాం. చిందు యక్షగానానికి గడ్డం సమ్మయ్యగారికి 2024లో పద్మశ్రీ వస్తే ఫోన్లన్నీ అభినందనలతో నిండిపోయాయి. ఊళ్లో ఒక రాత్రి ఆట పెట్టిద్దామంటే మాత్రం చందా ఇచ్చేవాడు లేడు. బతుకమ్మకు డీజే పెట్టెలు తేవడానికి డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో!

మీరు అడిగినదానికి వస్తే, వరంగల్ దగ్గరి ఐనవోలులో మల్లన్న జాతర సంక్రాంతికి మొదలై ఉగాది దాకా సాగుతుంది. పండుగ మూడు రోజులూ వద్దు, జనంలో నలిగిపోతారు. తర్వాత ఏదైనా ఆదివారం వెళ్లి, పట్నం వేయించుకుంటున్న కుటుంబం పక్కన కూర్చోండి. ఎవరూ లేవమనరు. ఫోను జేబులోనే ఉంచండి, చిల్లర మాత్రం చేతికి అందేలా పెట్టుకోండి.