బంతి ఎక్కడ దొరికితే అక్కడికే పంపు

అల్లుడూ, ఆశీస్సులు.

అమెరికన్ ఫుట్‌బాల్ ఆడమని మనవడికి కాలేజీల నుంచి వచ్చిన మూడు ఆఫర్లూ చూశాను. పేరున్న పెద్ద యూనివర్సిటీ వాళ్లు డబ్బు ఇవ్వరట, కావాలంటే వాక్-ఆన్‌గా, అంటే స్కాలర్‌షిప్ లేకుండా, జట్టులోకి రమ్మంటున్నారు. మధ్యరకం యూనివర్సిటీ పూర్తి స్కాలర్‌షిప్ అంటోంది. మూడోది ఎఫ్‌సీఎస్ కాలేజీ, అంటే పెద్ద యూనివర్సిటీల కింది స్థాయిలో ఆడేది, సగం ఫీజు భరిస్తామని, మొదటి ఏడాదే ఆడిస్తామని అంటోంది. నీ మెసేజ్ చదివితే మీ ఇద్దరి మనసూ పెద్ద పేరు మీదే ఉందని అర్థమైంది. నా ఓటు మాత్రం మధ్యదానికి. ఇన్నేళ్లుగా ఇక్కడి హైస్కూలు జట్టుకి స్టాటిస్టిక్స్ రాస్తున్నాను, ఏ పిల్లాడు ఎక్కడికెళ్లి ఏమయ్యాడో గమనిస్తూనే ఉన్నాను. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను. అమ్మాయి కూడా చదువుతుంది కాబట్టి కాస్త విడమర్చి రాస్తాను.

ముందు మార్కెట్ సంగతి. ప్రో లీగ్ అయిన ఎన్ఎఫ్ఎల్ జట్లు కాలేజీ ఆటగాళ్లని వంతులవారీగా ఎంచుకునేదే డ్రాఫ్ట్. ఏడు రౌండ్లు, జట్లు 32. హైస్కూలు అయిపోయి మూడేళ్లు గడిస్తేగానీ పిల్లాడు అందులోకి రాలేడు. మనవడు ఆడేది బంతి పట్టుకుని పరిగెత్తే రన్నింగ్ బ్యాక్ స్థానం, దానికి మా రోజుల్లో ఉన్నంత గిరాకీ ఇప్పుడు లేదు. 2024లో మొదటి రౌండులో ఒక్క రన్నింగ్ బ్యాక్‌నీ తీసుకోలేదు. అందరికంటే ముందు పోయిన జొనథన్ బ్రూక్స్‌ది 46వ స్థానం. తర్వాతి రౌండ్లలోనూ మంచివాడు దొరుకుతాడని, ఈ స్థానంలో ఆడేవాళ్ల కాళ్లు త్వరగా అరిగిపోతాయని జట్ల లెక్క. అంటే మనవడు ప్రో జట్ల తరఫున ఆటగాళ్లని చూసే స్కౌట్ల ముందుకి వెళ్లేసరికి వాడి దగ్గర రెండు ఉండాలి: చూపించుకోవడానికి సరిపడా ఆట, ఇంకా సత్తువ మిగిలిన ఒళ్లు. కాలేజీ సైజు ఈ రెండింటినీ చెరో వైపుకి లాగుతుంది.

మీ ఫ్రిస్కో పిల్లాడే ఆష్టన్ జెంటీ, లోన్ స్టార్ హైస్కూల్. వెళ్లింది ఐడహోలోని బోయిసీ స్టేట్‌కి. ఎస్ఈసీ, బిగ్ టెన్ లాంటి పెద్ద కాలేజీల కూటమి కాదు. కాలేజీ మారాలనుకునే ఆటగాళ్లు పేరు నమోదు చేసుకునే పోర్టల్ ద్వారా పెద్ద చోటికి మారే వీలున్నా అక్కడే ఉండిపోయాడు. 2024 సీజన్‌లో 2,601 గజాలు పరిగెత్తాడు. ఒక్క సీజన్‌లో అంతకంటే ఎక్కువ పరిగెత్తింది 1988లో బ్యారీ శాండర్స్ ఒక్కడే, 2,628. మరుసటి ఏడాది డ్రాఫ్ట్‌లో ఆరో స్థానంలో రైడర్స్ అనే ఎన్ఎఫ్ఎల్ జట్టు తీసుకుంది. ఇక్కడ అందరూ ఆ 2,601 గురించే మాట్లాడతారు. నన్నడిగితే అంతకంటే బరువైనది ఆ సెప్టెంబరులో పెద్ద జట్టయిన ఒరెగాన్ గడ్డ మీద ఆడిన మ్యాచ్. బోయిసీ మూడు పాయింట్ల తేడాతో ఓడింది కానీ, జెంటీ 192 గజాలు, మూడు టచ్‌డౌన్లు కొట్టాడు. చిన్న చోట ఆడేవాడిని చూడగానే స్కౌట్ అడిగేది ఒకటే: ఇవన్నీ ఎవరి మీద పరిగెత్తాడు? దానికి ఆ ఒక్క రాత్రే జవాబు దొరికేసింది.

జెంటీని చూసి చిన్న చోటే మేలని అనుకోవద్దు. ఆ ఒక్క సీజన్‌లో వాడి చేతికి బంతి 374 సార్లు ఇచ్చారు. దానికి పూర్తిగా అటువైపు జాష్ జేకబ్స్. పెద్ద కాలేజీ అయిన అలబామాలో మూడేళ్లు కలిపినా బంతి ఇచ్చింది 251 సార్లే, పూర్తిస్థాయి స్టార్టర్‌గా ఆడిందే లేదు. అయినా 2019లో 24వ స్థానంలో తీసుకున్నారు, అదీ ఈ రైడర్సే. 2022లో లీగ్ మొత్తంలో ఎక్కువ గజాలు పరిగెత్తింది అతనే. పెద్ద కాలేజీలో తక్కువ ఆడినా, ఆ కాస్త ఆటా గట్టి డిఫెన్సుల మీద ఉంటుంది. స్కౌట్‌కి అనుమానం తక్కువ, కాళ్ల మీద భారమూ తక్కువ.

అలాంటప్పుడు పెద్దదానికే వెళ్లొచ్చు కదా అంటావు. స్కాలర్‌షిప్ మీద పిలిచి ఉంటే నేనూ ఇంకోసారి ఆలోచించేవాణ్ని. జేకబ్స్ వంతుల్లోనైనా ఆడాడు. వాక్-ఆన్‌గా వెళ్లినవాడికి చాలాసార్లు ప్రాక్టీసులో ఎదుటి జట్టు వేషమే మిగులుతుంది. పైగా 2025 నుంచి చాలా పెద్ద జట్లలో ఆటగాళ్ల సంఖ్యకి 105 అని పరిమితి పడింది. ఈ ఏడు చోటు ఉందని వచ్చే ఏడు ఉంటుందన్న భరోసా లేదు.

ఓపిక పడితే మూడో ఏట వంతు వస్తుందన్న లెక్క కూడా పోర్టల్ వచ్చాక చెల్లదు. పెద్దవాళ్లకి రన్నింగ్ బ్యాక్ కావాలంటే వేరే చోట రుజువైనవాణ్ని తెచ్చుకుంటున్నారు. జామీర్ గిబ్స్ జార్జియా టెక్ నుంచి అలబామాకి వెళ్లి 2023లో 12వ స్థానంలో పోయాడు. క్విన్‌షాన్ జడ్కిన్స్ ఓలే మిస్ వదిలి ఒహాయో స్టేట్‌లో చేరి, అక్కడే ఉన్న ట్రెవియన్ హెండర్సన్‌తో బంతి పంచుకున్నాడు. 2025లో 36, 38 స్థానాల్లో ఇద్దరూ వెళ్లారు. వాళ్ల వెనక బెంచీ మీద కూర్చున్న పిల్లల పేర్లు మీకెవరికైనా గుర్తున్నాయా?

ఇక ఎఫ్‌సీఎస్. వాల్టర్ పేటన్ జాక్సన్ స్టేట్ నుంచి వచ్చి 1975లో నాలుగో పిక్ అయ్యాడు కదా అని ఎవరైనా నీతో అంటే, అది వేరే కాలమని చెప్పు. దక్షిణాదిలో నల్లజాతి పిల్లలకి పెద్ద యూనివర్సిటీల తలుపులు అప్పుడప్పుడే తెరుచుకుంటున్న రోజులవి, గొప్ప ఆటగాళ్లెందరో నల్లజాతి కాలేజీల్లోనే ఉండేవారు. ఇప్పుడు ఎఫ్‌సీఎస్ స్థాయి నుంచి డ్రాఫ్ట్ అయ్యే రన్నింగ్ బ్యాకులు ఏటా మహా అయితే ఏ ఒకరో ఇద్దరో. 2024లో సౌత్ డకోటా స్టేట్ ఐజయా డేవిస్ ఐదో రౌండులో, న్యూ హాంప్‌షైర్ డిలన్ లాబ్ ఆరో రౌండులో వెళ్లారు. ఇలినాయ్ స్టేట్ జేమ్స్ రాబిన్సన్‌ని 2020లో ఎవరూ డ్రాఫ్ట్ చేయలేదు. తొలి సీజన్‌లోనే 1,070 గజాలు పరిగెత్తాడు, కానీ డ్రాఫ్ట్ రోజున మాత్రం వాడి పేరు పిలవలేదు మరి.

అయినా దాన్ని పూర్తిగా కొట్టిపారేయను. ఎఫ్‌సీఎస్ జట్లు చాలావరకు ఏడాదికి ఒకసారైనా డబ్బు కోసం పెద్ద యూనివర్సిటీ మీద ఆడతాయి. నార్తర్న్ అయోవా డేవిడ్ జాన్సన్ 2014లో అలా అయోవా మీద ఆడి, ఒక్క మ్యాచ్‌లో పాస్‌లు అందుకునే 203 గజాలు తెచ్చాడు. మరుసటి ఏడాది మూడో రౌండులో పోయాడు. క్యామ్ స్కటబో శాక్రమెంటో స్టేట్‌లో మొదలై, అరిజోనా స్టేట్‌కి మారి, 2025లో నాలుగో రౌండులో వెళ్లాడు. నిచ్చెన ఉంది, కాకపోతే మొదటి మెట్టు బాగా కిందుంది.

ఇందుకే మధ్యదానివైపు మొగ్గుతున్నాను. రెండో ఏట బంతి దొరుకుతుంది, మూడో ఏట బాగా ఆడితే పైవాళ్లే వెతుక్కుంటూ వస్తారు. కానీ సంతకానికి ముందు రన్నింగ్ బ్యాక్స్ కోచ్‌తో మాట్లాడు. హెడ్ కోచ్ మాటలు అందరికీ ఒకేలా ఉంటాయి. ఇప్పుడున్న రన్నింగ్ బ్యాకులు ఎవరు, ఒక్కొక్కరికి ఇంకా ఎన్నేళ్లు మిగిలింది, పోర్టల్ నుంచి ఎవర్నైనా చూస్తున్నారా అని మొహమాటం లేకుండా అడుగు. వచ్చే రెండు సీజన్ల షెడ్యూల్ తీసి పెద్ద జట్ల మీద ఎన్ని మ్యాచ్‌లున్నాయో చూసుకో.

ఇంకోటి, ఇది వాడికి నచ్చదు. పాస్ ప్రొటెక్షన్ ఎంత నేర్పిస్తారో అడుగు. పాస్ విసిరే క్వార్టర్‌బ్యాక్ మీదికి దూసుకొచ్చేవాణ్ని అడ్డుకోలేని కుర్రాణ్ని ప్రో జట్లు మూడో డౌన్‌లో, అంటే ఎక్కువగా పాస్ విసిరే మూడో ప్రయత్నంలో, దింపవు. మనవడి వీడియోలన్నీ చూశాను, పరుగుకి వంక పెట్టలేను గానీ బ్లాకింగ్ అంటే తప్పించుకుంటున్నాడు. పాస్‌లు పట్టడం ఇంకా నయం.

స్కాలర్‌షిప్ కాగితం నాకు స్కాన్ చేసి పంపు. ఎన్నేళ్లకి, గాయమైతే ఏమిటి, కోచ్ మారితే ఏమిటి అన్నవి అందులో రాసి ఉండాలి, ఫోన్‌లో అన్నది లెక్కలోకి రాదు. వాడు ఇంజనీరింగ్ చదువుతానంటున్నాడు కాబట్టి ల్యాబ్ టైములు ప్రాక్టీసుతో తగులుకుంటాయేమో అదే మేజర్‌లో ఉన్న జట్టు పిల్లాడెవరినైనా అడిగించు. డ్రాఫ్ట్ అయినవాళ్లకంటే కానివాళ్లే ఎన్నో రెట్లు ఎక్కువ, అది వాడికీ తెలుసు.

సంతకాలు డిసెంబరు మొదటి బుధవారం నుంచి. ఈలోగా పెద్ద యూనివర్సిటీ వాళ్లకి కాదని చెప్పెయ్యకు. స్కాలర్‌షిప్ ఏమైనా తెరుచుకునే అవకాశం ఉందా అని మర్యాదగా ఒక మెయిల్ పెట్టు, వాళ్ల జవాబు రాగానే నాకు ఫోన్ చెయ్యి.

మీ మామయ్య