మందు పెట్టిందన్నారు, మా అన్న ప్రేమను ఎవరూ నమ్మలేదు

"మంత్రగత్తె అమ్మాయికీ మామూలు అబ్బాయికీ మధ్య ఊరు ఒప్పుకోని ప్రేమ మీద కథ రాస్తున్నాను. మన దగ్గర ఇలాంటివి జరిగాయా? ఎలా రాస్తే నిజమనిపిస్తుంది?" అని అడిగారు. జరిగాయి. మా ఇంట్లోనే జరిగింది.

మాది మెదక్ వైపు పల్లె. 1980ల్లో మా దిక్కు బాణామతి అనే చేతబడి మాటెత్తితే పెద్దవాళ్లకే నిద్ర పట్టేది కాదు. ఇంటి మీద రాయి పడ్డా, బర్రె చచ్చినా ఎవరో ఒకరి పేరు బయటికొచ్చేది. మంత్రం చదవకుండా పళ్లు రాలగొట్టిన ఊళ్లున్నాయి. మా వదిన వాళ్లమ్మకు భర్త లేడు, పైగా కామెర్లకు పసరు పోసేది. పగలు ఆమె ఎదురైతే పక్కకు తిరిగే మనుషులే చీకటి పడ్డాక పిల్లల్ని చంకనేసుకుని ఆమె వాకిట్లో నిలబడేవాళ్లు. ఆ ఇంటి బిడ్డ కాబట్టి పంతొమ్మిదేళ్ల పిల్లను కూడా మంత్రగత్తె అనేవాళ్లు. మా అన్న ఆ పిల్లనే చేసుకుంటానన్నాడు.

మా అమ్మ ఒక్కటే మాట: "మందు వెట్టింది. పోరడు ఆగమైండు." అంటే, మందుతో వశం చేసుకుందని.

1986 ఎండాకాలం. నాకు పదకొండేళ్లు. మందు కక్కించే మనిషి ఒకడు ఉన్నాడని తెలిసి మా బాపు, పెదబాపు అన్నను తెల్లవారుజామున తీసుకుపోయారు. నీళ్ల చెంబు పట్టుకుని నేనూ వెంట వెళ్లాను. పరగడుపున ఏదో ఆకు పసరు తాగించారు. అన్న వేపచెట్టు మొదట్లో కూర్చుని కక్కుతూనే ఉన్నాడు. కళ్ల వెంట నీళ్లు, ముక్కు వెంట నీళ్లు. మూడోసారి కక్కినప్పుడు ఆ మనిషి పుల్లతో కెలికి వెంట్రుకల ఉండ ఒకటి పైకెత్తి చూపించాడు. "ఇగో, ఇదే." అది అతని నడుము దగ్గర మడతలోంచి రావడం నేను చూశాను. చూశానని గట్టిగా చెప్పాను. పెదబాపు నా చెంప మీద కొట్టాడు.

అన్న మూతి తుడుచుకుని లేచి నిలబడ్డాడు. "మందు వోయింది గదా బాపూ?" అన్నాడు. "పోయింది బిడ్డా." "ఇగ ఇప్పుడు చెప్తున్న. నాకు గామెనే కావాలె."

ఎవరూ మాట్లాడలేదు. కాసేపటికి ఆ మనిషే, మందు పేగులకు అంటుకుందని, ఇంకో మూడు వారాలు రావాలని చెప్పాడు. అన్న మళ్లీ వెళ్లలేదు. ఆ ఏడే ఏడుపాయల వనదుర్గమ్మ గుడిలో పెళ్లి చేసుకున్నాడు. మా వాళ్లెవరూ పోలేదు. నేనూ పోలేదు, ఆ బాధ ఇప్పటికీ ఉంది.

ఊరు ఆ పిల్లను మంత్రగత్తెను చేసింది, అది అందరికీ కనిపించే అన్యాయం. ఊరు మా అన్న మనసును కూడా అతని దగ్గర్నుంచి లాగేసుకుంది. ఆమెను చూసి, ఆలోచించి, ధైర్యం చేసి ఎంచుకున్నది తానేనని ఎన్నిసార్లు చెప్పినా ఒక్కరూ వినలేదు. మందు మాట్లాడిస్తోందన్నారు. అందుకే మీ కథలో ఆ అమ్మాయికి ఎన్ని శక్తులైనా ఇవ్వండి, వశీకరణం మాత్రం పెట్టకండి. పెట్టారంటే మా పెదబాపు మాటే గెలిచినట్టు.

భారతంలో హిడింబను చూడండి. పాండవులను చంపి తెమ్మని తన అన్న పంపితే వచ్చింది. భీముణ్ణి చూసి మనసు పడింది. మాయతో అందమైన రూపం తెచ్చుకుంది, కానీ తానెవరో, ఎందుకొచ్చిందో దాచకుండా చెప్పింది. నాకు తెలిసి ఇంతకంటే గొప్ప ప్రేమ మాట ఏ కథలోనూ లేదు. అయినా కొడుకు పుట్టేదాకానే అన్న షరతు మీద కాపురం. ఘటోత్కచుడు పుట్టాక వాళ్లు వెళ్లిపోయారు, ఆమె అడవిలోనే ఉండిపోయింది. మనాలిలో 1553లో కట్టిన ఆమె గుడి ముందు నిలబడ్డప్పుడు నాకు వదినే గుర్తొచ్చింది.

టీవీ సీరియళ్లు చూస్తే ఒళ్లు మండుతుంది. జుట్టు విరబోసుకుని, నల్లచీర కట్టి, నిమ్మకాయ పట్టుకున్న ఆడమనిషి లేకుండా వారం గడవదు. అది చూసి పెరిగిన పిల్లలు ఊళ్లో ఒంటరి ముసలమ్మను ఏ కళ్లతో చూస్తారు? బీహార్ 1999లోనే, జార్ఖండ్ 2001లో మంత్రగత్తె ముద్రకు వ్యతిరేకంగా చట్టాలు చేశాయి. మన దగ్గర అలాంటి ప్రత్యేక చట్టం కోసం గట్టిగా అడిగేవాళ్లు తక్కువే.

మా అమ్మ చివరి రెండేళ్లూ మంచం మీదే ఉంది. వదిన చేతి ముద్ద తప్ప ఇంకెవరు పెట్టినా తినలేదు. ఒక్కసారైనా "తప్పయింది బిడ్డా" అంటుందని నేను ఎదురుచూశాను. అనలేదు.

పోయిన ఏడు చుట్టాల పెళ్లిలో అన్న, వదిన పక్కపక్కన బంతిలో కూర్చున్నారు. దాదాపు నలభై ఏళ్ల కాపురం. వడ్డించే ముసలాయన ఒకడు "ఆమె వెట్టిన మందు గట్టిదే, ఇంకా దిగలే" అని నవ్వాడు. చుట్టూ ఉన్నవాళ్లూ నవ్వారు. అన్న నవ్వలేదు. విస్తరి ముందు నుంచి లేచి, వదిన చెయ్యి పట్టుకుని బయటికి నడిచాడు. ఈసారి నేను కూడా లేచి వాళ్ల వెనకే వెళ్లాను.