లిఫ్ట్ చేసిన బండికి క్లెయిమ్ ఇవ్వనన్నారు, ఇప్పుడు దారేంటి?

ప్రశ్న: మాది గుంటూరు. నాన్నగారి 2013 మోడల్ ఎస్‌యూవీని అమ్మలేక, విజయవాడ ఆటోనగర్‌లో బండిని లిఫ్ట్ చేయడానికి, అంటే ఎత్తు పెంచడానికి, 2 అంగుళాల స్పేసర్లు వేయించి, 235/70 ఆర్16 టైర్ల స్థానంలో ఇంకా పెద్దవి, 265/70 ఆర్16 ఎక్కించాను. కాజ టోల్‌ప్లాజా క్యూలో ఆగి ఉండగా లారీ వెనకనుంచి గుద్దింది. రిపేరు 3 లక్షలు. అనుమతి లేని మార్పులున్నాయంటూ బీమా కంపెనీ 16 నెలల క్రితం క్లెయిమ్ తిరస్కరించింది. మెయిళ్లు పెడుతూనే ఉన్నాను. నాన్నగారి గుర్తు షెడ్డులో పడి ఉంటే ఇంటిల్లిపాదికీ బాధగా ఉంది. లిఫ్ట్ ప్రమాదం తర్వాతే చేసినట్టు బిల్లు రాసిస్తానంటున్నాడు మెకానిక్. తీసుకోనా?

జవాబు: ఈ కేసును తేల్చేది ఒక్కటే. లారీ గుద్దిన క్షణంలో మీ బండి ఆగి ఉందా, లేదా?

లిఫ్ట్ చట్టబద్ధమేనని వాదించకండి, నిలబడదు. తయారీదారు ఇచ్చిన స్పెసిఫికేషన్‌కు తేడా వచ్చేలా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 చెబుతోంది. సుప్రీంకోర్టు 2019 జనవరి 9న ఇదే ఖాయం చేసింది. సెక్షన్ 182ఎ(4) కింద ఒక్కో మార్పుకు 5,000 జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ.

కంపెనీ లాయరు లెక్కలు తీస్తాడు. మీ టైరు వ్యాసం 735 మి.మీ. నుంచి 777కి పెరిగింది. స్పీడోమీటర్ 80 చూపిస్తుంటే బండి దాదాపు 85లో వెళుతుంది. బరువెక్కిన చక్రాలను ఆపాల్సింది పాత బ్రేకులే. స్పేసర్లకు తోడు టైర్ల వల్ల ఇంకో 21 మి.మీ. లేచి, గురుత్వ కేంద్రం పైకి పోయింది. మలుపులో బోల్తా పడిన కేసైతే ఇవన్నీ మీ మెడకు చుట్టుకునేవి. నిలబడి ఉన్న బండిని వెనకనుంచి గుద్దితే వీటిలో ఒక్కటీ ప్రమాదానికి కారణం కాదు. బంపరు ఎత్తు మారడం వల్లే డిక్కీ డోరు, ఛాసిస్ అంతగా నలిగాయని కంపెనీ అనొచ్చు. దానికి జవాబు ఫొటోల్లో లారీ బంపరు ఏ ఎత్తులో తగిలిందో చూపడమే. పాలసీ షరతు ఉల్లంఘన ఉన్నా క్లెయిమ్ పూర్తిగా ఎగ్గొట్టకూడదని, 75 శాతం వరకు ఇవ్వాలని అమలేందు సాహూ కేసులో సుప్రీంకోర్టు 2010లో చెప్పింది. మీరు ఆశించాల్సింది ఆ మేరకే. మొత్తం 3 లక్షలూ వస్తాయనుకోవద్దు.

అయితే ఆగి ఉందని నిరూపించేది మీ మాట కాదు, కాగితాలు. ఎఫ్ఐఆర్, లారీ డ్రైవర్‌పై వేసిన ఛార్జిషీటు, నేరస్థల పంచనామా, రఫ్ స్కెచ్, వీటి సర్టిఫైడ్ కాపీలు తెచ్చుకోండి. అన్నిటికంటే విలువైనది ఎంవీఐ (మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్) రిపోర్టు. యాంత్రిక లోపం వల్ల ప్రమాదం జరగలేదని అందులో ఉంటే సగం కేసు గెలిచినట్టే. బీమా తరఫున నష్టాన్ని అంచనా వేసిన సర్వేయర్ రిపోర్టు కాపీ కంపెనీని రాతపూర్వకంగా అడగండి. టోల్‌ప్లాజా సీసీ కెమెరా ఫుటేజీని భద్రపరచమని ఆ వారంలోనే లేఖ ఇచ్చి ఉండాల్సింది. ఇన్నాళ్లకు అది దొరుకుతుందనుకోను.

ఆ బిల్లు జోలికి పోవద్దు. పెద్ద టైర్లతో సహా బండి ఫొటోలు సర్వేయర్ దగ్గర ప్రమాదం నాటివే ఉన్నాయి. తప్పుడు సాక్ష్యం సృష్టిస్తే బీఎన్ఎస్ (భారతీయ న్యాయ సంహిత) సెక్షన్ 229 కింద ఏడేళ్ల వరకు శిక్ష. నిజాయతీగా గెలవగల కేసును మోసం కేసుగా మార్చుకుంటారు.

మెయిళ్లు పెడుతూ కూర్చోవడం మీరు చేసిన పెద్ద తప్పు. ఎన్ని రిమైండర్లు పంపినా గడువు పెరగదు. తిరస్కరణ లేఖ నుంచి ఏడాదిలోపు బీమా ఫిర్యాదులు వినే ఒంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లాలి, అది పోయింది. లారీ మీద మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌కు వెళ్లడానికి మోటారు వాహనాల చట్టం సెక్షన్ 166(3) ఇచ్చిన ఆరు నెలలూ దాటాయి, ఆ దారి ఇంకా తెరిచి ఉందేమో లాయరును అడగండి. ఖాయంగా మిగిలింది వినియోగదారుల కమిషన్. రెండేళ్ల గడువులో మీకు ఎనిమిది నెలలున్నాయి. మీరుండేది గుంటూరు కాబట్టి గుంటూరు జిల్లా కమిషన్‌లోనే వేయొచ్చు. ప్రీమియం 5 లక్షల లోపే కనుక ఫీజు లేదు. పిటిషన్లో లిఫ్ట్ సంగతి మీరే ముందుగా రాయండి, ఆటోనగర్‌లో చేయించిన తేదీతో సహా.

రిపేరుకు ముందు బండిని నాలుగు వైపులా, కింద నుంచి కూడా, తేదీ పడేలా ఫొటోలు తీయించండి. తర్వాత స్పేసర్లు తీయించి, 235/70 టైర్లు బిగించి, అలైన్‌మెంట్ చేయించి, ఆ బిల్లులు అసలు తేదీలతోనే దాచండి. అప్పటిదాకా దాన్ని రోడ్డెక్కించకండి.