ట్యాలీ వచ్చు సరే, లెక్క అర్థమైందా?

ప్రశ్న: మాకు రాణీగంజ్‌లో హార్డ్‌వేర్ షాపు ఉంది. మా అబ్బాయి బీకాం రెండో ఏడాది, ట్యాలీ నేర్చుకున్నాడు. ‘లెక్కలన్నీ సాఫ్ట్‌వేరే చేసేస్తోంది, ఈ లైన్‌లో ఏమీ లేదు, ఎంబీఏ చేస్తా’ అంటున్నాడు. టెన్షన్‌గా ఉంది.
– ఒక తల్లి, సికింద్రాబాద్

జవాబు: అమ్మా, సాఫ్ట్‌వేర్ కూడికలు, తీసివేతలు చేస్తుంది. కొట్టిన ఎంట్రీ నిజమో కాదో దానికి తెలియదు. అది తేల్చేదే అకౌంటింగ్. అది నేర్చుకోవడానికి మీ అబ్బాయికి మీ షాపే చాలు.

ఒక లెక్క అడిగి చూడండి. లక్ష రూపాయలు నగదు పెట్టి సరుకు కొన్నారు. అంతా 1.30 లక్షలకు అమ్మారు. చేతికొచ్చింది 50 వేలు, మిగతా 80 వేలు ఉద్దెర. జీఎస్టీ పక్కన పెడితే లాభం 30 వేలు. మరి గల్లాలో? ముందున్నదాని కంటే 50 వేలు తక్కువ! లాభమొచ్చిన నెలలోనే జీతాలకు ఎందుకు వెతుక్కోవాల్సి వస్తుందో ఇక్కడే తెలుస్తుంది. పైగా ఉద్దెర వసూలు కాకపోయినా, బిల్లు కొట్టాం కాబట్టి జీఎస్టీ కట్టాల్సిందే. నెలవారీ రిటర్న్ వేసేవాళ్లయితే మరుసటి నెల 20లోగా. ఈ మాట ముందే చెప్పగలిగిన మనిషి ఏ వ్యాపారానికైనా కావాలి.

నా దృష్టిలో ఇంతకన్నా పెద్ద పని ఇంకోటుంది. బ్యాంకు స్టేట్‌మెంట్, మన పుస్తకం పక్కపక్కన పెట్టుకుని ఒక్కో లైనూ టిక్కు పెట్టడం. పుస్తకంలో 18,500 చెక్కు జమ అని ఉంటుంది, స్టేట్‌మెంట్‌లో ఉండదు. క్లియర్ కాలేదా, బౌన్స్ అయిందా, సొరుగులోనే ఉండిపోయిందా? మనిషి లేచి కనుక్కోవాలి. 2009 జనవరి 7న మన హైదరాబాద్ సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ రామలింగరాజు లేఖలో ఏం ఒప్పుకున్నారు? పుస్తకాల్లో చూపిన 5,361 కోట్ల నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు లేనే లేవని. ఆ కంపెనీలో కంప్యూటర్లకు కొరత లేదు.

ఈ లైన్‌లోనే ముందుకెళ్లాలంటే సీఏ (చార్టర్డ్ అకౌంటెన్సీ) ఉంది. బీకాంలో 55 శాతం తెచ్చుకుంటే సీఏ మొదటి మెట్టు ఫౌండేషన్ రాయకుండా నేరుగా రెండో మెట్టు సీఏ ఇంటర్మీడియట్‌లో చేరొచ్చు. ఆర్టికల్‌షిప్, అంటే సీఏ దగ్గర చేసే శిక్షణ, ఇప్పుడు రెండేళ్లే. కానీ ఇప్పుడే బలవంతం పెట్టకండి.

మూడు నెలలు షాపు పుస్తకాలు అతనికి అప్పగించండి. తప్పు చేసినా వాళ్ల నాన్నగారు లాక్కోకూడదు. తేడా కనబడగానే తనంతట తానే పార్టీకి ఫోన్ చేసి అడిగాడా, అప్పుడు సీఏ గురించి మాట్లాడండి. విసుక్కున్నాడా, ఎంబీఏకే పంపండి.