మంచుకొండల్లో మన బొగ్గు ఆకు

పోయిన నెల ఈ శీర్షికలో "అంటార్కిటికా కొండల్లోనూ బొగ్గు ఉంది" అని ఒక్క వాక్యం రాసి ముందుకు వెళ్ళిపోయాను. ఎక్కువ ఉత్తరాలు ఆ ఒక్క వాక్యం మీదే వచ్చాయి. సింగరేణిలో ముప్పై ఏళ్ళు జియాలజిస్టుగా చేసినవాణ్ణి, నాకింతకన్నా సంతోషం ఏముంటుంది? ఈ నెల శీర్షిక మొత్తం వాటికే ఇస్తున్నాను.

ప్రశ్న: మా మామయ్య, మా ఆయన ఇద్దరూ బొగ్గు బాయిలో పనిచేసినవాళ్ళే. చెట్లు పూడుకుపోయి బొగ్గు అవుతుందని విన్నాను. చెట్టూ చేమా లేని మంచు కొండల్లో బొగ్గెలా వచ్చిందండీ? (ఒక గృహిణి, మందమర్రి)

అమ్మా, ముందు ఆ కొండలు ఎక్కడున్నాయో చెబుతాను. అంటార్కిటికాని తూర్పు, పడమర భాగాలుగా విడదీస్తూ ఒక అంచు నుంచి ఇంకో అంచు దాకా సుమారు 3,500 కిలోమీటర్ల కొండల వరుస ఉంది. ట్రాన్స్ అంటార్కిటిక్ పర్వతాలు అంటారు. మన దేశం పొడవు కన్నా ఎక్కువే. వాటిలో ఎత్తైనది కిర్క్‌పాట్రిక్, 4,528 మీటర్లు. తూర్పు వైపు కిలోమీటర్ల మందాన పేరుకున్న మంచు, ఆనకట్ట వెనక నీళ్ళలాగా ఈ కొండల వెనక ఆగి ఉంటుంది. సందు దొరికిన చోటల్లా హిమానీనదమై కిందికి జారుతుంది. కొండల కొమ్ములు, నిటారుగా ఉన్న గోడలు మంచు పైకి తేలి ఉంటాయి కాబట్టి అక్కడ రాయి కంటికి కనిపిస్తుంది.

ఇవి హిమాలయాల్లా రెండు ఖండాలు గుద్దుకుని మడతలు పడ్డ కొండలు కావు. పక్కన నేల చీలుతుంటే ఆ చీలిక అంచు పైకి లేచింది. అందుకే పొరలు చాలా చోట్ల ఇంకా పడుకున్నట్టే ఉన్నాయి. లేత రంగు ఇసుకరాయి, మధ్యలో కరిగిన రాయి చొరబడి గట్టిపడ్డ నల్లటి డోలరైట్ పట్టీ, మళ్ళీ ఇసుకరాయి. ఆ ఇసుకరాళ్ళ మధ్యనే బొగ్గు సీములు, అంటే బొగ్గు పొరలు.

ఇక చెట్ల సంగతి. పెర్మియన్ అనే కాలంలో, అంటే సుమారు 30 కోట్ల నుంచి 25 కోట్ల ఏళ్ళ కిందట, ఇండియా, అంటార్కిటికా, ఆస్ట్రేలియా, ఆఫ్రికా, దక్షిణ అమెరికా ఒక్కటే నేల. దాని పేరు గోండ్వానా. మన గోండుల నేల పేరే దానికి పెట్టారు. ఆ నేల నిండా గ్లోసాప్టెరిస్ అనే చెట్ల అడవి ఉండేది. మన సింగరేణి బొగ్గూ ఆ అడవిదే, అంటార్కిటికా కొండల బొగ్గూ ఆ అడవిదే.

ఆ ఆకును నేను మొదటిసారి చూసింది ఉద్యోగంలో చేరిన కొత్తలో, రామగుండం వైపు ఒక బోరు దగ్గర. బోరులోంచి తీసిన రాతి కడ్డీని కోర్ అంటాం. ఆ కోర్ బాక్సులో బూడిద రంగు షేల్ (బురద గట్టిపడ్డ రాయి) ముక్క ఉంది. వయసులో పెద్దాయన, డ్రిల్లర్, దాన్ని అరచేతిలో పెట్టుకుని సుత్తితో మెల్లగా తట్టాడు. పుస్తకంలా విచ్చుకుంది. నాకేమీ కనపడలేదు. తాగే సీసాలోంచి కాసిని నీళ్ళు పోసి బొటనవేలితో రుద్దాడు. తడి రాయి మీద ఆకు తేలింది. నాలుక ఆకారం, నడుమ లావుపాటి ఈనె, దానికి అటూ ఇటూ చేపల వలలా అల్లుకున్న సన్న ఈనెలు. కోర్ సన్నది కాబట్టి సగం ఆకే ఉంది, మిగతా సగం కిందే భూమిలో ఉండిపోయింది. దాని కింద ఇంకో ఆకు, దాని కింద ఇంకోటి, పేర్చిన విస్తరాకుల్లా. గ్రీకులో గ్లోసా అంటే నాలుకే. షేల్ ఉన్న చోట బాయి రూఫ్‌లో ఇలాంటి అచ్చులు మీవాళ్ళు కూడా చూసే ఉంటారు, అడిగి చూడండి.

అప్పట్లో అంటార్కిటికా భూమధ్యరేఖ దగ్గర ఉండేదని చాలామంది అనుకుంటారు. అది తప్పు. అప్పుడు కూడా ఆ నేల ధ్రువానికి దగ్గర్లోనే ఉంది, చలికాలంలో నెలల తరబడి చీకటే. వాతావరణం మాత్రం ఇప్పటికన్నా బాగా వెచ్చన. చీకటి పడే ముందు ఆ చెట్లు ఆకులు రాల్చేవి. రాళ్ళలో ఆకులు కట్టలు కట్టలుగా దొరకడానికి అదే కారణం. బియర్డ్‌మోర్ హిమానీనదం ప్రాంతంలో అకెర్నార్ అనే కొండ మీద ఆ చెట్ల మొద్దులు పెరిగిన చోటే నిలబడి రాయిగా మారాయి. వాటి వలయాలను ఇవాళ్టికీ లెక్కపెట్టొచ్చు.

ఇంకో మాట చెప్పకుండా ఉండలేను. ఆ అడవికి ముందు మంచు ఉన్నది మన దగ్గర కూడా. గోదావరి లోయలో బొగ్గు పొరలకు అడుగున తాల్చిర్ అనే పొర ఉంటుంది. అందులో హిమానీనదాలు ఈడ్చుకొచ్చిన గుండ్లు ఉంటాయి. చంద్రాపూర్ వైపు, ఇరాయ్ ఊరి దగ్గర పెన్‌గంగ ఒడ్డున, ఆ మంచు నున్నగా అరగదీసి గీతలు గీసిన సున్నపురాయిని 1870లలోనే గుర్తించారు. రోహిణి కార్తెలో బండలు పగిలే ఎండ కాసే నేల అది. ఆ గీతల మీద చెయ్యి పెట్టాలని నాకు చాలా కోరిక.

మన తూర్పు తీరానికి అప్పట్లో ఆనుకుని ఉన్నది కూడా అంటార్కిటికానే. అక్కడి లాంబర్ట్ హిమానీనదం పక్కన ప్రిన్స్ చార్లెస్ పర్వతాలున్నాయి. వాటిలో బీవర్ సరస్సు దగ్గర ఇవే కాలపు బొగ్గు సీములు ఉన్నాయి. ఆ హిమానీనదం వచ్చి కలిసే ప్రిడ్జ్ బే తీరంలోనే మన దేశం 2012లో భారతి పరిశోధన కేంద్రాన్ని తెరిచింది.

ప్రశ్న: దక్షిణ ధ్రువం నుంచి తిరిగొస్తూ చావుకు దగ్గరపడ్డ బ్రిటిష్ అన్వేషకుడు స్కాట్ బృందం చివరిదాకా రాళ్ళ మూట లాగిందట. బుద్ధి ఉన్నవాళ్ళు చేసే పనేనా అది? (రిటైర్డ్ హెడ్మాస్టరు, తెనాలి)

మాస్టారూ, ఈ ప్రశ్న నన్ను కాస్త నొప్పించింది. అయినా అడిగి మంచి పని చేశారు.

ఈ కొండల్ని 1841లో జేమ్స్ క్లార్క్ రాస్ సముద్రం మీంచి చూశాడు. వాటి మీదుగా ధ్రువం వైపు దారి మాత్రం 1908 డిసెంబరు దాకా ఎవరికీ తెలియదు. బ్రిటిష్ అన్వేషకుడు షాకిల్టన్, ఇంకో ముగ్గురు హోప్ అనే చిన్న కొండ ఎక్కి చూస్తే, కొండల మధ్య నుంచి పైదాకా రహదారిలా పరుచుకున్న హిమానీనదం కనపడింది. అదే బియర్డ్‌మోర్, సుమారు 200 కిలోమీటర్ల పొడవు. ఎక్కుతుంటే చివరి గుర్రం మంచు పగుల్లో పడిపోయింది. ఆ పైన వాళ్ళలో ఒకడైన ఫ్రాంక్ వైల్డ్ బొగ్గు సీముల్ని చూశాడు. అంటార్కిటికా నడిబొడ్డున అడవి ఉండేదనడానికి దొరికిన ఆనవాలు అది. అయితే బొగ్గు ఒక్కటే చాలదు. అది ఏ చెట్టుదో చెప్పాలంటే ఆకు కావాలి.

ఆ ఆకును తెచ్చింది స్కాట్ మనుషులు. నార్వేకు చెందిన అమండ్‌సెన్ 1911 డిసెంబరులోనే ఆక్సెల్ హైబర్గ్ అనే ఇంకో హిమానీనదం మీదుగా ఈ కొండలు దాటి ధ్రువం చేరిపోయాడు. నెల తర్వాత చేరిన స్కాట్, మిగతా నలుగురు ఓడిపోయి తిరిగొస్తూ, 1912 ఫిబ్రవరి 8న బక్లీ కొండ కింద ఆగారు. గాలి తగ్గింది. డాక్టరు విల్సన్ బొగ్గు పొరల మధ్య ఆకు అచ్చులున్న రాళ్ళు ఏరాడు. తొమ్మిది రోజులకే ఎడ్గర్ ఎవాన్స్ చనిపోయాడు. మార్చిలో ఓట్స్ గుడారంలోంచి లేచి మంచు తుఫానులోకి వెళ్ళిపోయాడు. మిగిలిన ముగ్గురూ నెలాఖరున గుడారంలోనే పోయారు. నవంబరు 12న వెతుక్కుంటూ వెళ్ళినవాళ్ళకు ఆ రాళ్ళు దొరికాయి. సుమారు 16 కిలోలు.

ఆ 16 కిలోలు వాళ్ళ ప్రాణం తీశాయని నేను అనుకోను. చాలని తిండి, దారిలో దాచిన డబ్బాల్లో తగ్గిపోయిన పొయ్యి నూనె, ఆ మార్చిలో పడ్డ భయంకరమైన చలి, ఇవి తీశాయి. బరువు దించుకోవాలనుకుంటే రాళ్ళు పారేయడం ఎంతసేపు? పారెయ్యలేదంటే, అవి ఏమిటో విల్సన్‌కు తెలుసు కాబట్టి. ఫీల్డులో ఎండకు తట్టుకోలేక శాంపిల్ సంచి సగం ఖాళీ చేద్దామని నాకు అనిపించిన రోజులున్నాయి. అందుకే ఆయన్ని తలుచుకుంటే నాకు గొంతు పట్టుకుంటుంది.

1914లో సీవర్డ్ అనే వృక్షశిలాజ శాస్త్రవేత్త ఆ రాళ్ళను పరీక్షించి పేరు ప్రకటించాడు: గ్లోసాప్టెరిస్ ఇండికా. ఇండికా అంటే ఇండియాది. మన దగ్గర దొరికిన ఆకుల్ని బట్టి అంతకు ముందే పెట్టిన పేరది. ఆ రాళ్ళు ఇప్పుడు లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియంలో ఉన్నాయి.

ప్రశ్న: మా జిల్లావాడు మల్లి మస్తాన్ బాబు ఎక్కిన విన్సన్ శిఖరం ఈ కొండల్లోనిదేనా? (ఒక పాఠకుడు, నెల్లూరు)

కాదండీ. విన్సన్ పడమటి అంటార్కిటికాలోని ఎల్స్‌వర్త్ పర్వతాల్లో ఉంది. 350 కిలోమీటర్ల పొడవే అయినా ఖండంలో అన్నిటికన్నా ఎత్తైన శిఖరాలు అక్కడే. విన్సన్ 4,892 మీటర్లు. 1935 నవంబరు 23న లింకన్ ఎల్స్‌వర్త్, పైలట్ హాలిక్ కెన్యన్ చిన్న విమానంలో ఖండాన్ని దాటుతూ వీటిని చూశారు. మధ్యలో మంచు మీద నాలుగుసార్లు దిగాల్సి వచ్చింది. గమ్యం ఇంకో పాతిక కిలోమీటర్లుందనగా పెట్రోలు అయిపోతే నడిచి వెళ్ళారు. శిఖరాన్ని మొదట ఎక్కింది 1966 డిసెంబరు 18న, ఒక అమెరికన్ బృందం.

మస్తాన్ బాబు 2006 జనవరి 19న విన్సన్‌తో మొదలుపెట్టి, 172 రోజుల్లో ఏడు ఖండాల శిఖరాలూ ఎక్కారు. 2015లో ఆండీస్‌లో ఆయన్ని పోగొట్టుకున్నాం. 2019 డిసెంబరులో నిజామాబాద్ జిల్లా అమ్మాయి మాలావత్ పూర్ణ కూడా విన్సన్ ఎక్కింది. ఆ కొండల రాళ్ళలోనూ గ్లోసాప్టెరిస్ ఆకులున్నాయి. ఆ కొండలున్న నేల ముక్క ఒకప్పుడు దక్షిణాఫ్రికాకు, తూర్పు అంటార్కిటికాకు మధ్య ఉండి, తర్వాత సుమారు 90 డిగ్రీలు తిరిగి ఇప్పుడున్న చోటికి చేరింది.

ప్రశ్న: 2048 తర్వాత అంటార్కిటికాలో మైనింగ్ మొదలవుతుందని వాట్సాప్‌లో చూశాను. నిజమేనా? (బీటెక్ మైనింగ్ విద్యార్థి, కొత్తగూడెం)

నిజం కాదు. 1991లో మాడ్రిడ్‌లో సంతకాలై 1998లో అమల్లోకి వచ్చిన ఒప్పందం, పరిశోధన తప్ప ఖనిజాల జోలికి పోకూడదని చెబుతుంది. దానికి గడువు తేదీ లేదు. 2048 తర్వాత సమీక్ష సమావేశం అడిగే హక్కు మాత్రమే వస్తుంది. మైనింగ్‌ను కట్టడి చేసే ఇంకో చట్టబద్ధమైన ఏర్పాటు లేకుండా నిషేధం ఎత్తేయడానికి అప్పుడూ వీల్లేదు. పైగా డోలరైట్ వేడికి అక్కడి బొగ్గు చాలా చోట్ల మారిపోయింది. కొన్ని చోట్ల పెన్సిల్లో వాడే గ్రాఫైట్ అయిపోయింది. ఒక కొండ పేరే గ్రాఫైట్ పీక్. ఆ బొగ్గు అక్కడే ఉండనీ. బొగ్గు మీద బతికినవాణ్ణి మనస్ఫూర్తిగా అంటున్న మాట ఇది.

ప్రశ్న: సర్, మీ దగ్గర ఆకు శిలాజం ఉందా? నేను చూడాలంటే ఎక్కడ చూడొచ్చు? అంటార్కిటికాలో డైనోసార్లు కూడా ఉండేవా? (తొమ్మిదో తరగతి అమ్మాయి, భూపాలపల్లి)

ఉండేవి తల్లీ. కిర్క్‌పాట్రిక్ కొండ మీద, దాదాపు 4,000 మీటర్ల ఎత్తులో, క్రయోలోఫోసారస్ అనే డైనోసార్ ఎముకలు 1990-91 సీజన్‌లో దొరికాయి. దాని కాలానికి దగ్గరిదే మన గోదావరి లోయ డైనోసార్ కోటసారస్. దాని అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబెట్టారు, నాన్నతో వెళ్ళి చూడు. ఆకు శిలాజాలకు లక్నోలోని బీర్బల్ సాహ్ని వృక్షశిలాజ పరిశోధన సంస్థ మ్యూజియం మంచిది. ఓపెన్‌కాస్ట్ ఓబీ (బొగ్గు మీద నుంచి తీసి పోసిన మట్టి, రాళ్ళ) కుప్పల మీదికి మాత్రం ఎవరు పిలిచినా వెళ్ళకు, జారతాయి.

నా దగ్గర ఒక్కటీ లేదు. కోర్ సంస్థది, ఇంటికి తెచ్చుకోకూడదు. ఆ రోజు చూసిన ఆకును బాక్సులో తిరిగి పెట్టి, లాగ్ పుస్తకంలో లోతు రాసి, పక్కన "షేల్, ఆకు అచ్చులు" అని రాశాను.